చిన్నపిల్లల ఆట: పెద్దవాళ్ళు ఎంతవరకు కల్పించుకోవాలి?

హైదరాబాద్‌లో మూడు, నాలుగేళ్ళ పిల్లలున్న ఇంటికి రెండు రకాల సలహాలు ఒకేసారి వచ్చిపడుతుంటాయి. డాక్టరు గారు "ఫోన్ ఇవ్వకండి, బాగా ఆడుకోనివ్వండి" అంటారు. అదే వారం ఎదురింటావిడ "మా బాబు ఎల్‌కేజీలోనే వాక్యాలు చదువుతున్నాడు, మీ పాప ఇంకా రాయడం మొదలుపెట్టలేదా?" అని అడుగుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా ఆర్ట్ క్లాసు, అబాకస్, పిల్లల యోగా ప్రకటనలు. ఇంట్లో ఆడించడానికి యాభై ఐడియాలంటూ వచ్చే వీడియోల సంగతి సరేసరి. వాటిలో ఒకటి చూసి, రంగు కాగితాలు, గమ్ము, మెరుపుల పొడి తెప్పించి, ఆదివారం పొద్దున గంటసేపు అన్నీ సిద్ధం చేస్తారు. పాప ఐదు నిమిషాలు కూర్చుని లేచి, ఆ సామాను వచ్చిన అట్టపెట్టెలోకి దూరిపోతుంది. అమ్మకి నీరసం, నాన్నకి విసుగు.

అట్టపెట్టెలోకి దూరడమే ఆ పాప ఆట. రంగు కాగితాలది అమ్మ మొదలుపెట్టిన పని, అమ్మ అనుకున్నట్టు పూర్తికావలసిన పని. అలాంటి పనులు చేయించడంలో తప్పేమీ లేదు. కానీ రెండిటినీ ఒకటిగా చూడటం వల్ల ఇళ్ళలో చాలా టెన్షన్ పుడుతోంది. పిల్లల ఆట మీద దాదాపు వందేళ్ళుగా వస్తున్న పరిశోధనలు చదువుతుంటే నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ఈ వయసులో ఐడియాలు పిల్లల దగ్గర కావలసినన్ని ఉంటాయి. మనం ఇవ్వాల్సింది కాస్త సమయం, కాస్త చోటు, ఇంట్లో దొరికే సామాను. ఇచ్చాక పక్కకి జరగాలి. అసలు కష్టం ఆ జరగడంలోనే ఉంది.

సోఫా మీద ఆర్టీసీ బస్సు

నాలుగేళ్ళ పాప కుర్చీలు వరుసగా పెట్టి బస్సు చేసిందనుకోండి. భుజానికి అమ్మ పాత హ్యాండ్‌బ్యాగు, చేతిలో పాడైపోయిన రిమోట్. అదే టికెట్ మిషను. అమ్మమ్మ ఎక్కితే "ఆధార్ చూపించు అమ్మమ్మా, జీరో టికెట్ కొడతా" అంటుంది. తాతయ్య ఎక్కితే డబ్బులిమ్మంటుంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది కదా, అది ఈ ఆటలోకి కూడా వచ్చేసింది. మెట్రో ఎక్కి తిరిగే పిల్లలు తలుపులు ఏ వైపు తెరుచుకుంటాయో గట్టిగా ప్రకటిస్తారు. సరుకులు తెచ్చే అన్నలను చూసిన పిల్లలు పడకగది తలుపు కొట్టి ఓటీపీ అడుగుతారు.

దీన్నే మనం ఉత్తుత్తి ఆట అంటాం. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో దీని గురించి రెండు ముఖ్యమైన విషయాలు చెప్పాడు. కర్రని గుర్రం అనుకుని స్వారీ చేసే పిల్లవాడు, వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం నేర్చుకుంటున్నాడన్నది మొదటిది. రేపు 'అ' అన్న గీతని ఒక శబ్దంగా, '5' అన్న గీతని ఐదు వస్తువులుగా అర్థం చేసుకోవడానికి కావలసింది ఈ శక్తే. రిమోట్‌ని టికెట్ మిషనుగా వాడుతున్న పాప ఆ సాధన ఎవరూ చెప్పకుండానే చేస్తోంది. రెండోది, ఉత్తుత్తి ఆటకి నియమాలుంటాయన్నది. కండక్టరు మధ్యలో డ్రైవరు సీట్లో కూర్చోకూడదు. టికెట్ తీసుకోకుండా ఎవరినీ దిగనివ్వకూడదు. మామూలుగా అన్నం ముందు రెండు నిమిషాలు నిలవని పిల్ల, కండక్టరుగా ఉన్నంతసేపూ తన వంతు కోసం ఆగుతుంది. తనని తాను అదుపులో పెట్టుకోవడం ఇక్కడ అలవాటవుతుంది.

ఇంకో మాట. ఈ ఆటలో మగపిల్లవాడు వంట చేస్తానంటే, బొమ్మని జోకొడతానంటే ఎవరూ నవ్వకూడదు. ఒకప్పుడు గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు ఆడపిల్లలవని వదిలేశాం. దానివల్ల మగపిల్లలు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు.

చాలామంది తల్లులు అడిగే ప్రశ్న ఒకటుంది. "మా వాడు పార్కులో ఎవరితోనూ కలవడు, పక్కనే కూర్చుని తన ఇసుక తనే తవ్వుకుంటాడు, ఏమైనా లోపమా?" అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే దీనికి జవాబు లాంటిది ఇచ్చింది. నర్సరీ పిల్లలను గమనించి, ఆట మెట్లు మెట్లుగా మారుతుందని రాసింది. ఒంటరిగా ఆడటం, దూరం నుంచి ఇతరులను చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరిది వాళ్ళు ఆడటం, ఆ తర్వాతే కలిసి ఆడటం. రెండు, మూడేళ్ళ వయసులో పక్కపక్కన ఆడటం పూర్తిగా మామూలు. వాడి చేతిలోని పార లాక్కుని "షేర్ చేసుకో నాన్నా" అని పక్కపిల్లవాడికి ఇవ్వనక్కర్లేదు. అయితే ఏడాదిన్నర దాటినా కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, రెండున్నరేళ్ళు వచ్చినా బొమ్మకి అన్నం పెట్టడంలాంటి ఉత్తుత్తి ఆట ఏదీ లేకపోవడం కనిపిస్తే మాత్రం, "మగపిల్లలకి ఆలస్యమేలే" అనుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి. తొందరగా చూపిస్తే తొందరగా సాయం మొదలవుతుంది.

తక్కువ బొమ్మలు, ఎక్కువ సామాను

ఈ నగరంలో పుట్టినరోజు పార్టీకి వెళ్ళిన ప్రతిసారీ ఒక రిటర్న్ గిఫ్టు ఇంటికొస్తుంది. ఏడాది తిరిగేసరికి ఒక బుట్ట నిండుతుంది. అన్ని బొమ్మలున్నా "బోర్ కొడుతోంది" అనే మాట మాత్రం ఆగదు. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలున్న గదిలో, ఇంకోసారి 16 బొమ్మలున్న గదిలో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు ఉన్నప్పుడు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి పోయారు. 36 మందే కాబట్టి దీన్ని పట్టుకుని పెద్ద సిద్ధాంతాలు చేయలేం గానీ, ఇంట్లో చేసి చూడటానికి ఖర్చేమీ లేదు. సగానికి పైగా బొమ్మలు సంచిలో కట్టి అటకెక్కించండి. కొన్నాళ్ళకి ఆ సంచి దించి, కిందున్నవి పైకి పంపండి.

బొమ్మల కన్నా సామాను మేలని నేనంటాను. 1971లో సైమన్ నికల్సన్ అనే ఆయన ఒక వ్యాసంలో ఇదే వాదించాడు. కదపగలిగేవి, మార్చగలిగేవి, విడివిడి ముక్కలుగా ఉన్నవి ఎన్ని ఎక్కువ ఉంటే పిల్లల కల్పన అంత సాగుతుందని. బటన్ నొక్కితే పాట పాడే ఏనుగు ఎప్పటికీ ఏనుగే. దుప్పటి మాత్రం ఒకరోజు గుడారం, ఒకరోజు నది, ఒకరోజు పెళ్ళికూతురి చీర. మన ఇళ్ళలో ఇలాంటి సామానుకి కొదవ లేదు. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు, బట్టల క్లిప్పులు, పాత చున్నీలు, స్టీలు గిన్నెలు, జల్లెడ, చేట, కొబ్బరి చిప్పలు, గుడ్ల ట్రే, ప్లాస్టిక్ డబ్బాలు. వీటిని కింది అరలో, పిల్ల చేతికి అందేట్టు ఒక గంపలో పెడితే చాలు. ఎలా ఆడాలో చెప్పక్కర్లేదు.

నీళ్ళంటే పిల్లలకి ప్రాణం. ట్యాంకరు మీద బతికే అపార్ట్‌మెంట్లలో నీళ్ళాట అనగానే భయం వేస్తుంది, నిజమే. ఒక టబ్బులో అరబకెట్ నీళ్ళు, రెండు గ్లాసులు, ఒక గరాటు, బాల్కనీ. ఆట అయ్యాక ఆ నీళ్ళు మొక్కలకి. పిల్లలు మాత్రం మీ కళ్ళెదుటే ఉండాలి. కొన్ని అంగుళాల నీళ్ళలో కూడా పసిపిల్లలు మునిగిపోయే ప్రమాదం ఉంది. ఆట ముగిసిన క్షణమే టబ్బు ఖాళీ చేయాలి.

జాగ్రత్త గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అజాగ్రత్తకి ఇక్కడ శిక్ష చాలా పెద్దది. మూడేళ్ళలోపు పిల్లలు ఏదైనా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి చింతగింజలు, గోలీలు, సీసా మూతలు వాళ్ళకి అందనివ్వకూడదు. అన్నిటికన్నా ప్రమాదం బటన్ బ్యాటరీలది. లైట్లు వెలిగే చవక బొమ్మల్లో, రిమోట్లలో ఉండే ఆ నాణెం లాంటి బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే గాయం అవుతుంది. టికెట్ మిషనుగా ఇచ్చే పాత రిమోట్‌లోంచి ముందు బ్యాటరీలు తీసేయండి. మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలు మాని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, కొనేటప్పుడు చూసుకోండి. ఏటికొప్పాక లక్కబొమ్మలలాంటి భౌగోళిక గుర్తింపు ఉన్న చేతిపనులకి ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది, అందుకని వాటి మీద గుర్తు లేదని కంగారుపడక్కర్లేదు.

వంటింట్లో జరిగేది కూడా ఆటే

ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు సర్ది, ఆ తర్వాత పిల్లతో "క్వాలిటీ టైమ్" గడపాలంటే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. ఆ రెండిటినీ వేరుచేయడం మానేస్తే భారం చాలా తగ్గుతుంది. మెంతికూర ఆకులు తుంచడం, బఠాణీలు వొలవడం, చిక్కుడుకాయలకి ఈనెలు తీయడం, చపాతీ పిండిలో ఒక ముద్ద తీసుకుని పాములు, చక్రాలు చేయడం, ఆరిన బట్టల్లోంచి సాక్సుల జతలు వెతకడం. మనకి పని, పిల్లలకి ఇదే ఆట. మూడేళ్ళ పిల్ల వొలిచిన బఠాణీల్లో సగం నేల మీద ఉంటాయి. పర్వాలేదు. కింద పాత చాప పరిచి, "చాప మీదే" అన్న ఒక్క నియమం పెట్టండి. ఏరడం కూడా తన పనే.

దీనికీ రాతకీ దగ్గర సంబంధం ఉంది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే, ఎక్స్‌రేలో ఒక్కటి కూడా కనిపించదు. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటీ గట్టిపడతాయి. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకునే బలం కూడా మెల్లగానే వస్తుంది. మూడేళ్ళ పిల్లతో పెన్సిల్ పట్టించి నాలుగు గీతల కాపీలో రాయిస్తే చెయ్యి నొప్పంటుంది, అది బద్ధకం కాదు. పిండి పిసకడం, క్లిప్పులు నొక్కడం, కాయలు గిల్లడం ఆ వేళ్ళకి బలాన్నిస్తాయి. ముగ్గు కూడా అంతే. బాల్కనీ గచ్చు మీద సుద్దముక్కతో నాలుగు చుక్కలు పెట్టి ఇచ్చి కలపమంటే, చెయ్యి భుజం నుంచి కదులుతుంది. ఆ తర్వాతే వేళ్ళ కొసలకి అదుపు వస్తుంది.

పండుగలు దగ్గరపడితే మీరు వేరే ఏర్పాటు చేయక్కర్లేదు. బతుకమ్మకి తంగేడు, గునుగు, బంతి పూలు ఇంటికొస్తాయి. రంగుల వారీగా, కాడల పొడవు వారీగా వేరు చేయడం నాలుగేళ్ళ పిల్లకి అచ్చమైన లెక్కల పాఠం. వినాయక చవితికి తెచ్చిన మట్టిలో ఒక ముద్ద పిల్లలకి ఇవ్వండి. తొండం ఊడిపోయినా అది వాళ్ళు చేసిన వినాయకుడే, పక్కన పెట్టి పూజ చేయండి. ఇంటికి అమ్మమ్మ, నానమ్మ వచ్చినప్పుడు వామనగుంటలు అడగండి. చెక్క పలక లేకపోతే గుడ్ల ట్రేలో ఒక్కొక్కరికి ఏడేసి గుంతలు గుర్తుపెట్టి, చింతగింజలు పంచితే నాలుగైదేళ్ళ పిల్లలు లెక్కపెట్టడం, ముందుగా ఆలోచించడం రెండూ నేర్చుకుంటారు. ఊరు వదిలి పిల్లల కోసం నగరానికి వచ్చి, రోజంతా టీవీ ముందు కూర్చోవలసివస్తున్న ఆ పెద్దవాళ్ళకి కూడా దానివల్ల ఇంట్లో తమ చోటు తమకి దొరుకుతుంది. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం.

చూపించడం, మెచ్చుకోవడం

పెద్దవాళ్ళు ఎంతవరకు నేర్పాలన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. 2011లో ఎలిజబెత్ బొనావిట్జ్, ఆవిడ సహచరులు చేసిన ప్రయోగం దీన్ని కొంత విప్పింది. ఒక కొత్త బొమ్మ. అందులో కీచుమనే గొట్టం, వెలిగే దీపం, పాట, అద్దం ఇలా నాలుగు రహస్యాలున్నాయి. కొందరు పిల్లలకి "ఇదిగో, ఇలా పనిచేస్తుంది చూడు" అని ఒక్క కీచుగొట్టాన్ని పాఠంలా చూపించారు. ఇంకొందరి ముందు అది అనుకోకుండా మోగినట్టు చేశారు. పాఠంలా చూసినవాళ్ళు దాన్నే చేస్తూ తొందరగా ఆపేశారు. రెండోవాళ్ళు ఎక్కువసేపు ఆడి, మిగతా రహస్యాలు కూడా ఎక్కువగా కనిపెట్టారు. పెద్దవాళ్ళు ఒకటి చూపించారంటే అందులో ఉన్నది అంతేనని పిల్లలు అనుకుంటారు. అలా అనుకోవడం తెలివితక్కువతనం కాదు, పెద్దల మీద నమ్మకం.

కాబట్టి నేర్పడం చెడ్డదని అర్థం కాదు. కత్తెర పట్టుకోవడం, రోడ్డు దాటడం, స్టవ్ దగ్గర ఎంత దూరంలో నిలబడాలన్నది ఖచ్చితంగా చూపించి నేర్పాలి. వాటికి సరైన పద్ధతి ఒకటే. అట్టపెట్టెతో ఏం చేయాలన్నదానికి సరైన పద్ధతి అంటూ లేదు, అక్కడ నోరు కట్టుకోవాలి. పిల్ల కట్టిన గోపురం పడిపోబోతోందని మనకి తెలుస్తుంటుంది. పడనివ్వండి.

మెచ్చుకోలు దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు గీయడం ఇష్టపడే నర్సరీ పిల్లలను మూడు గుంపులు చేశారు. గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ఒక గుంపుకి ముందే చెప్పారు. ఇంకో గుంపుకి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. వారం, రెండు వారాల తర్వాత చూస్తే, బహుమతి ఆశతో గీసినవాళ్ళు తమంతట తాము గీసే సమయం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ నష్టం లేదు. అంటే సంతోషం పట్టలేక "భలే ఉందే!" అనడం వల్ల ఏమీ కాదు. "రెండు బొమ్మలు గీస్తే చాక్లెట్" అనడంతో ఆట కూలిపని అవుతుంది. ఏం అనాలో తోచకపోతే కనిపిస్తున్నది చెప్పండి. "ఏనుగుకి ఎర్ర రంగు వేశావే, కాళ్ళు ఆరు పెట్టావే." అప్పుడు ఆ ఆరు కాళ్ళకి కారణం పిల్లే చెబుతుంది, అక్కడి నుంచి ఒక కథ మొదలవుతుంది. ఆ కథ ఇంట్లో మాట్లాడే భాషలోనే సాగనివ్వండి. మధ్యలో ఆపి "ఎలిఫెంట్ స్పెల్లింగ్ చెప్పు" అని అడగకండి.

పరుగు, ఫోను, బడి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 1 నుంచి 4 ఏళ్ళ పిల్లలకి రోజంతా కలిపి కనీసం 180 నిమిషాల కదలిక కావాలి. మూడేళ్ళు దాటాక అందులో ఒక గంటైనా ఒళ్ళు అలిసే ఆట ఉండాలి. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఇది కష్టమే. సెల్లార్‌లో కార్లు తిరుగుతుంటాయి, అక్కడ ఒంటరిగా వదలకూడదు. లిఫ్టు మానేసి మెట్లెక్కడం, దిండ్లు పరిచి దూకడం, తొక్కుడు బిళ్ళ గీతల మీద ఒంటికాలితో గెంతడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వారానికోసారి ఇందిరా పార్కో, పబ్లిక్ గార్డెన్సో, సంజీవయ్య పార్కో. గంట లెక్కన డబ్బు తీసుకునే మాల్ ఆటస్థలాల కన్నా ఎండుటాకులు, పుల్లలు, చీమల బారు ఉన్న చోటు మంచిదని నా అభిప్రాయం. సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తే అన్ని గదులూ తిప్పకండి. గంట కొట్టే గడియారం ముందు కూర్చుని, లోపలి నుంచి గడ్డమున్న చిన్న మనిషి బొమ్మ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసి, ఇంకొక్కటి చూసి వచ్చేయండి. ఇంటికొచ్చాక అట్టపెట్టె గడియారమవుతుంది.

ఫోను విషయంలో లెక్క సూటిగానే ఉంది. రెండేళ్ళలోపు తెర వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య పెద్దవాళ్ళు పక్కనుండగా రోజుకి గంట దాటకూడదు అని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. దూరాన ఉన్న తాతయ్యతో వీడియో కాల్ వేరే సంగతి. ఫోను తీసుకున్న వెంటనే పిల్ల చక్కగా ఆడుకుంటుందని ఆశించకండి. అరగంటసేపు వేగంగా మారే బొమ్మలు చూశాక మామూలు గది చప్పగా ఉంటుంది. ఆ సమయంలో నీళ్ళో, పిండిముద్దో చేతికి ఇస్తే సర్దుకోవడం తేలిక. "బోర్ కొడుతోంది" అన్నప్పుడు కూడా వెంటనే పరిష్కారం చూపించకుండా కాసేపు ఊరుకోండి. చాలాసార్లు ఆట అక్కడే మొదలవుతుంది.

బడి గురించి తల్లిదండ్రుల భయం వేరు. ఇంట్లో ఆడిస్తే బడిలో వెనకబడతారేమోనని. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ వరకు మొత్తాన్ని ఒకే పునాది దశగా లెక్కగట్టింది. 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఈ దశలో చదువు ఆటల ద్వారానే సాగాలంటుంది. కేంద్ర ప్రభుత్వం 2023లో 'జాదూయీ పిటారా' పేరుతో బొమ్మలు, పజిళ్ళు, తోలుబొమ్మల పెట్టెను కూడా విడుదల చేసింది. కాగితం మీద ఇంత ఉన్నా, ఈ నగరంలో నర్సరీ పిల్లలకి హోంవర్కు ఇచ్చే బడులు చాలానే ఉన్నాయి. అడ్మిషన్‌కి వెళ్ళినప్పుడు ఫీజుతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. పిల్లలు తమకి నచ్చింది ఆడుకునే సమయం రోజుకి ఎంత? తరగతిలోని బొమ్మలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటాయా? అలమరలో ఉన్న బ్లాకులు కొత్తవాటిలా తళతళలాడుతుంటే అవి సందర్శకుల కోసం పెట్టినవని అర్థం చేసుకోవచ్చు.

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళలో పగలంతా పిల్లలను చూసేది నానమ్మో, అమ్మమ్మో, పనికి వచ్చే అక్కో. ఆట గురించి మనం చదివినదంతా వాళ్ళకి చెప్పకుండా సాయంత్రం తప్పులు పట్టడం అన్యాయం. ఇల్లు గలీజైతే మీరు ఏమంటారోనన్న భయంతోనే వాళ్ళు చాలాసార్లు టీవీ పెడతారు. "బాల్కనీలో నీళ్ళు పోసుకున్నా పర్వాలేదు అక్కా, మీరు పక్కనే కూర్చోండి చాలు, తుడిచే పని నేను వచ్చాక చూసుకుంటా" అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. ఒక ముద్ద పిండి కలిపి పెట్టి వెళ్ళండి. ఇంటికొచ్చాక "అన్నం తిన్నాడా, రాశాడా" అన్నదాంతోపాటు "ఇవాళ ఏం కట్టాడు, ఏం కథ చెప్పాడు" అని కూడా వాళ్ళను అడగండి. రేపు అడుగుతారని తెలిస్తే, వాళ్ళూ గమనించడం మొదలుపెడతారు.